తొమ్మిది రోజుల తలుపు

"టికెట్ ఎక్కడ కొనాలండీ?" ఏడొందల ఏళ్ళ నాటి కోటగోడను ఆనుకుని ఉన్న రాతి ఇంటి గడప దాటుతూ అడిగింది ఒదీల్.

పొయ్యి పక్కన కూర్చున్న ముసలామె లియోంతీన్ తల తిప్పలేదు. "టికెట్ లేదమ్మా. రండి."

ఒదీల్ భర్త రెమీ బల్ల మీది మట్టిగిన్నెను ఫొటో తీశాడు. "చూశావా, అడుగున వైన్ మరక కూడా పెట్టారు! మ్యూజియం అంటే ఇదీ. ఈ గిన్నె ఎవరిదండీ?"

"మా ఆయనది. మా గాస్కనీ సీమ మొగాళ్ళందరి లాగే అడుగున మిగిలిన సూపులో వైన్ పోసుకుని, గిన్నె ఎత్తి తాగేసేవాడు. ఇంకా కడగలేదు."

"భలే నటిస్తోంది," అని భార్య చెవిలో గొణిగి, "ఆయనది ఏ శతాబ్దం బామ్మగారూ?" అన్నాడు రెమీ నవ్వుతూ.

"మొన్న మంగళవారం దాకా ఉన్నాడు."

రెమీ టోపీ తీసేశాడు. ఒదీల్ గడప వైపు వెనక్కి అడుగేసింది. "క్షమించండమ్మా. తలుపు తీసి ఉంటే చూడ్డానికేమో అనుకున్నాం. వెళ్ళిపోతాం."

"మనిషి పోతే మా ఊళ్ళో తొమ్మిది రోజులు తలుపు వెయ్యం, పరామర్శకు వచ్చేవాళ్ళ కోసం. ఇప్పుడీ ఇళ్ళన్నీ వేసవికి వచ్చే పట్నంవాళ్ళవి. అన్నిటికీ తాళాలే."

లియోంతీన్ బల్ల దగ్గరి కుర్చీ చూపించింది.

"మీరే మొదట వచ్చారు. కూర్చోండి."