కలపకూడని అన్నం

"పుట్టగొడుగుల్ని నీళ్ళలో ముంచుతావేమిటి? వాసనంతా నీళ్ళపాలు చేసి భోజనానికొచ్చే ఆయనకి పిప్పి పెడతావా?"

ఫుసాయె వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తడిసిన పుట్టగొడుగుల్ని కోడలు మిసావో బట్టమీద వేసి ఒత్తింది. కసి కనబడాలనే ఒత్తింది.

"ఆ గోబో దుంప అంత లావుగానా? పెన్సిలు చెక్కినట్టు చెక్కాలని పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను."

"పద్దెనిమిదేళ్ళుగా వింటూనే ఉన్నాను అత్తయ్యా."

"వింటే చాలదు. చెవులతో వండరు."

"ఇంతకీ ఎవరీ కుమగాయ్ గారు? ఎన్నడూ లేనిది ఈయనకింత మర్యాదేమిటి?"

"భార్య పోయి నాలుగేళ్ళయింది. పక్క ఊళ్ళో సొంత ఇల్లు, పెరడు నిండా పళ్ళచెట్లు. ఇంట్లో పలకరించే దిక్కే లేదు పాపం." ఫుసాయె కోడలిని ఎగాదిగా చూసింది. "ఆ మసిగుడ్డ లాంటి చొక్కా విప్పేసి నీలంది వేసుకో. జుట్టు కూడా కాస్త చూసుకో."

మిసావో చేతిలో కత్తి ఆగింది. "నాకెందుకు ముస్తాబు?"

"ఒక్క వంటింటికి ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కువే. ఆ సంగతి నాకూ తెలుసు, నీకూ తెలుసు."

అదన్నమాట. మిసావో కత్తి పక్కన పడేసింది. భర్త పోయి రెండేళ్ళు దాటిందో లేదో, ఎవడో ముసలాయనకి తనని అంటగట్టి వదిలించుకుందామని చూస్తోంది ఈవిడ. ఇల్లు ఆవిడ పేరునే ఉంది మరి, నోరెత్తడానికి లేదు.

నానిన బియ్యాన్ని రైస్ కుక్కర్ గిన్నెలో పోసింది. సోయా సాస్, కాస్త సాకే సారా వేసి, గీతదాకా నీళ్ళు పట్టింది.

"ముక్కలు పైన పరిచి వదిలెయ్. కలపకు. కలిపితే బియ్యం పలుకు మీదే ఉండిపోతుంది. చంటిపిల్లకి చెప్పినట్టు చెబుతున్నాను," అనేసి ఫుసాయె ముందుగదిలోకి వెళ్ళింది.

మిసావో కోడిముక్కలు, క్యారెట్లు, గోబో, పుట్టగొడుగులు, వేయించిన టోఫు అన్నీ ఒక్కసారే కుమ్మరించింది. మణికట్టుదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి కలిపింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూత వేసి మీట నొక్కింది. చొక్కా మాత్రం మార్చుకోలేదు.

కుమగాయ్ పన్నెండింటికి వచ్చాడు. ఎండకి నల్లబడ్డ మెడ, కాళ్ళకి మడతలు కూడా పోని కొత్త మేజోళ్ళు. పళ్ళసంచీ మిసావో చేతికిచ్చి నడుం వంచి నమస్కారం పెట్టాడు.

"మీ గురించి చాలా విన్నానండీ."

"మంచైతే విని ఉండరు," అంది మిసావో.

ఫుసాయె కళ్ళు చింతనిప్పులయ్యాయి.

మూత తీయగానే ఇల్లంతా ఘుమఘుమలాడింది. "ఆహా," అంటూ కుమగాయ్ గిన్నె అందుకున్నాడు. మొదటి ముద్దకే ఆయన పళ్ళకింద కటుక్కుమంది. నమలడం ఆపాడు. మళ్ళీ మెల్లగా నమిలాడు. "గోబో మంచి సువాసన వస్తోందండీ," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఫుసాయె ఒక్క ముద్ద తిని గిన్నె కింద పెట్టేసింది.

"కలిపావు కదూ."

"కలిపాను."

"చేతకాక కాదు. కావాలనే."

"కావాలనే కలిపాను. ఈయన మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదని." మిసావో తన గిన్నె పక్కకి నెట్టేసింది. "నేనంటే మీకు గిట్టదు. మీరన్నా నాకు గిట్టదు. అబద్ధాలెందుకు? కానీ మీ అబ్బాయి ఫొటో ముందు రోజూ పొద్దున్నే అన్నం పెట్టేది నేను. ఆ గిన్నె ఇంకొకరి చేతికివ్వను. మీరు కోటీశ్వరుణ్ణి తెచ్చినా చేసుకోను. ఈ ఇల్లు విడిచి పోను. మెడపట్టి గెంటినా వాకిట్లోనే కూర్చుంటాను."

కుమగాయ్‌కి పొలమారింది. చెవులదాకా ఎర్రబడిపోయాడు. ఫుసాయె తన టీ కప్పు ఆయన వైపు జరిపి, కోడలి వైపు తిరిగింది.

"నిన్నెవరు పొమ్మన్నారే మొద్దూ?" అంది. "వచ్చే నెల ఈయన్ని పెళ్ళి చేసుకుని పోయేది నేను."