మొదటి వరుస

చనిపోయిన భార్య లోర్నా రాసిన గణాంకాల కంప్యూటర్ ప్రోగ్రాంని వెండెల్ మూడేళ్లుగా మరమ్మతు చేస్తున్నాడు. రోగి ఇంకెన్ని రోజులు బతుకుతాడో అది లెక్క కడుతుంది. తెల్లారేలోగా సరిచేసి పంపకపోతే, అందరూ ఇంటర్నెట్ నుంచి ప్రోగ్రాంలు దించుకునే జాబితాలోంచి దాన్ని తీసేస్తారు.

పరీక్షకని లోర్నా పెట్టిన నమూనా రోగుల్లో మొదటివాడు వెండెలే. సరదాకి అతని వయసు, రక్తపోటు అందులో నమోదు చేసింది. లెక్కలో వాడే యాదృచ్ఛిక సంఖ్యల్ని మొదలుపెట్టే అంకె మారకుండా బిగించి ఉంది కనుక ఎన్నిసార్లు నడిపినా జవాబు మారకూడదు. పదేళ్లుగా తొమ్మిది వేల రోజులనే వస్తోంది.

ఈ రాత్రి మూడు వచ్చింది. మళ్లీ నడిపాడు. రెండు. తక్కిన రోగుల జవాబులు కదలలేదు.

మరదలు డోరీన్ ఫోన్ చేసింది.

"ఇంకా పడుకోలేదా బావా? పోతే పోనీ. అక్క ఉన్నప్పుడు ఒక్కనాడైనా దాన్ని తెరిచి చూశావా?"

"లేదు. అందుకే," అని పెట్టేశాడు.

ప్రోగ్రాంలో ప్రతి వరుసా వెతికాడు. తప్పు దొరకలేదు. మళ్లీ నడిపాడు. ఒకటి.

కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది. గదిలో అతని ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

పంపే మీట నొక్కితే పరీక్ష దానంతటదే ఇంకొకసారి నడుస్తుంది. అది ఆ జాబితా వాళ్ల నియమం.

బయట మంచు మీద తెల్లవారుతోంది. వెండెల్ మీట మీద వేలు పెట్టాడు.