వద్దన్న ఫోటో

“గాజులు కూడానా?” అన్నాడు మునిశేఖర్, కారు వెనక సీట్లో ఉన్న కవరు చూసి.

“చీర పెట్టి గాజులు పెట్టకపోతే ఎట్ల సార్?” గంగాధర్ మొహమాటంగా నవ్వాడు.

“సైజు ఎట్లా తెలిసింది?”

“మీ ఫోటోలో చెయ్యి అంత బాగా కనిపిస్తాంటే సైజు తెలీదా!”

మునిశేఖర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆర్నెల్లుగా తిండి సయించకుండా చేస్తున్నది ఆ చెయ్యే మరి.

పలమనేరులో బ్యాంకు ఉద్యోగం, సెలవొస్తే కెమెరా. వీధుల్లో మనుషుల ఫోటోలు తీయడమంటే అతనికి పిచ్చి. జీతం కూడబెట్టి వియత్నాం చూసొచ్చాడు, టర్కీ తిరిగొచ్చాడు. హనోయ్ సందులో ఒక ముసలామె వద్దని వేలూపితే, వంగి దండం పెట్టి, ఆమె కళ్లముందే ఫోటో చెరిపేశాడు. పరాయి దేశంలో అంత మర్యాదస్తుడు! అదే పుంగనూరు బజారులో పూలు కడుతున్న ఒకామె “వద్దప్పా” అని అరచెయ్యి అడ్డం పెడితే మాత్రం, మనోళ్లే కదా అని నొక్కేశాడు.

“తీసెయ్యప్పా, నీకు పుణ్యముంటాది,” అని బతిమాలింది ఆమె.

“తీసేసినాలేమ్మా,” అని అంతకుముందు తీసిన ఖాళీ గోడ ఫోటో చూపించాడు. ఆమె నమ్మేసింది. దండం కూడా పెట్టింది.

వేళ్ల సందుల్లోంచి బెదురుగా చూసే ఆ కళ్లకు బెంగళూరులో బహుమతి వచ్చింది. ‘పుంగనూరు పూలమ్మి’ అన్న పేరుతో ఆ ఫోటో ఫోన్లన్నీ తిరిగింది. స్టేజీ మీద శాలువా కప్పుతుంటే మునిశేఖర్‌కు ఆమె పెట్టిన దండం గుర్తొచ్చింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. ఉండబట్టలేక జరిగిందంతా ఫోటో కిందే రాసుకున్నాడు. చాలామంది “సెంటిమెంట్ ఎక్కువైంది బ్రదర్” అని నవ్వారు. కుప్పం నుంచి ఈ గంగాధర్ ఒక్కడే, ముక్కూ మొహం తెలియకపోయినా, నవ్వలేదు. “ఆమెను వెతికి తప్పయిందని చెప్పండి సార్, బరువు దిగిపోతాది. నేనూ తోడొస్తా,” అని రోజూ ఫోన్ చేసేవాడు. చివరికి ఈ ఆదివారం బస్సెక్కి పలమనేరు వచ్చేశాడు.

పుంగనూరు బజారులో కారు ఆగేసరికి గంగాధర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“మీరు పోతాండండి సార్, మాట్లాడి వస్తా.”

పూలంగడి జుబేదా ఫోటో చూడగానే మొహం ముడుచుకుంది.

“తెల్దు.”

“మీ అంగడి ముందరే కూచోని ఉణ్ణిందమ్మా...”

“తెల్దంటే తెల్దు! పోయిన వారం గూడా ఎవురో అడిగిపోయినారంట. యాల మీకందరికీ ఆ బిడ్డ?”

ఫోటో చూసి జనం వింతగా వెతుక్కుంటూ వస్తున్నారన్నమాట. మునిశేఖర్‌కు చచ్చేంత సిగ్గేసింది. దాచకుండా అంతా చెప్పేశాడు. గోడ ఫోటో, అబద్ధం, శాలువా. చెబుతూ చెబుతూ, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాడు.

“ఒక్కసారి ఆమె కాళ్లు పట్టుకోని పోతానమ్మా.”

జుబేదా కరిగిపోయింది. “అరె, యాడవద్దు బేటా. ఫోటోలు తీసేవోళ్లు శానామంది వస్తారు. తప్పయిందని వచ్చినోడివి నువ్వొక్కడివే.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఆ ఫోటో వచ్చినాక ఈడ ఉండలేకపోయింది. మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరతాండాది. బుజ్జమ్మ అని అడుగు. నీ కండ్లల్లో నీళ్లు సూసి చెప్పినా, ఇంకెవురికీ చెప్పాకు.”

పూలు కట్టుకుని బతికేదాన్ని బతకనివ్వకుండా చేశాను కదా అనుకుంటూ కారెక్కాడు మునిశేఖర్.

“చెప్పిందా సార్?”

“మదనపల్లెలో ఉండాదంట.”

గంగాధర్ పెద్దగా ఊపిరి వదిలాడు. “అబ్బ! మీరు కాబట్టి చెప్పింది సార్. పేరేమన్నా...”

“బుజ్జమ్మ.”

“మంచి పేరు,” అన్నాడు గంగాధర్, కిటికీ వైపు తిరిగి.

మార్కెట్ గేటు దగ్గర అతను ఆగిపోయాడు. “మీరు ముందు పోండి సార్. ఇద్దరు మొగోళ్లు ఒక్కసారి పోతే బెదురుకుంటాది.”

ఈ మాత్రం ఇంగితం నాకెందుకు లేకపోయింది, అని తనను తానే తిట్టుకున్నాడు మునిశేఖర్.

టమోటా కుప్పల వెనక కాయలు ఏరుతున్న ఆడవాళ్లలో ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ఆమె కూడా గుర్తుపట్టింది. చెయ్యి మళ్లీ పైకి లేచింది.

“కెమెరా తేలేదమ్మా,” అని రెండు చేతులూ చాపి చూపించాడు. “ఆ పొద్దు నీకు గోడ బొమ్మ చూపించి మోసం చేసినా. నీ మొగం అమ్ముకోని పేరు తెచ్చుకున్నా. తప్పయిపోయింది.”

ఆమె మెత్తబడిన కాయ ఒకటి తీసి పక్కన పడేసింది.

“నీకేం తెలుసులేప్పా,” అంది. “యాడో ఒక చోట బతకనిస్తే సాలు అనుకున్నా. పోనీలే. ఇంత దూరం వచ్చి తప్పయిందన్నావే, నన్ను కట్టుకున్నోడు ఒక్క పొద్దు గూడా ఆ మాట అన్లేదు.”

నవ్వింది. ఆ నవ్వు చూస్తే మునిశేఖర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆర్నెల్ల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“నాతో ఇంకొకాయన వచ్చినాడమ్మా. నీకని చీర, గాజులు తెచ్చినాడు. ఆయనే నన్ను ఈడికి నడిపించింది,” అని వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. “రాన్నా, రా! ఈడే ఉండాది!”

కవరు పట్టుకుని గంగాధర్ టమోటా పెట్టెల మధ్య నుంచి వచ్చాడు. బుజ్జమ్మ తలెత్తింది. చేతిలో కాయ జారిపోయింది.

“పదవే ఇంటికి,” అన్నాడు గంగాధర్.