నాలుగో నిమిషం

నాలుగో నిమిషం దాటీ దాటకముందే మార్జెతా ఎర్ర మీట నొక్కేసింది. ట్రెడ్‌మిల్ ఆగిపోయింది.

"మళ్లీనా?" అంది ఫిజియోథెరపిస్టు తదేయా.

"ఇంక నా వల్ల కాదమ్మాయ్."

"ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఆయాసమా?"

"గుండె దడదడలాడుతోంది."

తదేయా తెర మీద కదులుతున్న గీతల్ని చూసింది. నాడి తొంభై ఆరు. తేడా ఏమీ లేదు.

"నడిస్తే ఎవరి గుండైనా కొట్టుకుంటుంది మార్జెతా గారూ. కొట్టుకోకపోతే కంగారు పడాలి. మీకు గుండెపోటు వచ్చి మూడు నెలలు దాటింది. ఇక్కడికి రావడం మొదలుపెట్టి తొమ్మిది వారాలు. మొదటి రోజు నాలుగు నిమిషాలు నడిచారు. ఇవాళా అదే నాలుగు. ఇంకా మిగిలింది మూడు వారాలే."

మార్జెతా తువ్వాలుతో మెడ తుడుచుకుంది. అరవై ఒక్కేళ్ల మనిషి. ప్తుయ్ ఊరి బజారులో ఎర్ర ఉల్లిపాయల్ని కాడలతో జడలుగా అల్లి అమ్మేది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్క జడ కూడా ఎత్తి చూడలేదు.

పక్కన సైకిలు తొక్కుతున్న బోజిదార్ ఊరుకోలేకపోయాడు. ఆయన రిటైరైన రైలు డ్రైవరు, గుండెకి మూడు స్టెంట్లు వేయించుకున్నవాడు.

"నీకేం తక్కువమ్మా? బయట మహారాజులాంటి మొగుడు నీ కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడైతే నన్ను బస్సెక్కించి, వచ్చేటప్పుడు రొట్టె పట్రమ్మంటుంది."

"మీరు మాట్లాడకుండా తొక్కండి" అంది తదేయా.

"మాట్లాడుతూ తొక్కగలిగితే గుండె బాగున్నట్టేనని నువ్వే అన్నావుగా! నాది బ్రహ్మాండంగా ఉందన్నమాట."

మార్జెతా నవ్వలేదు.

తలుపు తెరవగానే వరండాలో ఆమె భర్త విన్కో లేచి నిలబడ్డాడు.

"ఇవాళ ఎన్ని నిమిషాలు?"

"నాలుగు" అంది తదేయా.

ఆయన ముఖం వాడిపోయింది. "ఇట్లా అయితే ఎప్పటికమ్మా? ఒక్కతే బజారుకు వెళ్లి రాగలదా? కట్టెల బుట్ట ఎత్తగలదా? వంట, అంట్లు, మందులు, అన్నీ నేనే చూసుకుంటున్నాను. చేతనైందంతా చేస్తున్నాను."

"అన్నీ చేసుకోగలరు. రిపోర్టులన్నీ బాగున్నాయి. ఆవిడకే నమ్మకం కుదరాలి."

విన్కో చేతిలోని కోటు మడత విప్పి భార్య భుజాల మీద కప్పాడు. ఆమె ఆయన వైపు చూడకుండా బొత్తాలు పెట్టుకుంది. ఇలాంటి మనిషి ఊరికొక్కడు ఉన్నా చాలు అనుకుంది తదేయా.

గురువారం మార్జెతా ఒక్కతే లోపలికి వచ్చింది. కారు నిలపడానికి చోటు దొరక్క విన్కో ఇంకా వీధిలోనే తిరుగుతున్నాడు. అప్పుడే సైకిలు దిగిన బోజిదార్ రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. మోకాళ్లు మడతపడ్డాయి. తదేయా ఒక్క ఉదుటున వెళ్లి ఆయన్ని పట్టుకుని నేల మీద పడుకోబెట్టింది. కాళ్లెత్తి పట్టుకుంది.

"మార్జెతా గారూ, డాక్టరు రెండో అంతస్తులో ఉన్నారు! త్వరగా..."

మాట పూర్తయ్యేసరికి మార్జెతా గదిలో లేదు.

నిమిషంలో డాక్టరు దిగి వచ్చాడు. బోజిదార్ పొద్దున ఏమీ తినకుండా మాత్రలు వేసుకున్నాడట. రక్తపోటు పడిపోయింది. పది నిమిషాలకల్లా కళ్లు తెరిచి లేచి కూర్చున్నాడు.

"బండి పట్టాల మీదే ఉంది. కంగారు పడకండి" అన్నాడు నీరసంగా.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. మార్జెతా తలుపు పక్కన గోడకి ఆనుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. తదేయా పరుగున వెళ్లి ఆమె వేలికి నాడి చూసే పరికరం తగిలించింది. నూట ముప్ఫై. కాసేపటికి నూట పదిహేను. నూట రెండు. తొంభై.

"భయమేసిందా?"

"ఎక్కేటప్పుడు ఏమీ గుర్తు లేదు. దిగేటప్పుడు గుర్తొచ్చింది." మార్జెతా వేలికున్న పరికరం వైపు వింతగా చూసుకుంది. "నేను పరిగెత్తాను కదూ?"

"పరిగెత్తారు. రెండు అంతస్తులు."

సోమవారం ఆమె ఎవరూ చెప్పకుండానే ట్రెడ్‌మిల్ ఎక్కింది. నాలుగో నిమిషం వచ్చింది, పోయింది. తదేయా ఊపిరి బిగబట్టి తెరనే చూస్తోంది. పదో నిమిషంలో బోజిదార్ తొక్కడం ఆపేశాడు. ఇరవై దాటాక స్టేషన్ల పేర్లు పిలిచినట్టు నిమిషాలు పిలవడం మొదలుపెట్టాడు. "ఇరవై ఆరు! ఇరవై ఏడు! ఎవరూ దిగకండి!" మార్జెతా ముఖం ఎర్రబడింది. నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. ముప్ఫయ్యో నిమిషం పూర్తయ్యాక తానే మీట నొక్కింది.

బోజిదార్ చప్పట్లు కొట్టాడు. తదేయాకి కళ్లు చెమర్చాయి.

"భయం పోతే చాలని నేను చెప్పలేదూ!" అంది. "ఉండండి, మీ ఆయన్ని పిలుస్తాను. పాపం, మూడు నెలల నుంచీ ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నారు."

"అవును, దీనికోసమే" అంది మార్జెతా. ట్రెడ్‌మిల్ దిగి, తువ్వాలు మడతపెట్టి, దాన్ని ఓసారి అరచేత్తో నిమిరింది. "భయం రెండో వారంలోనే పోయిందమ్మాయ్. నేను కూలిపోయిన రోజు పొద్దున ఆయన ఇల్లు వదిలి పోవడానికి పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా కాళ్ల మీద నేను నిలబడేదాకా వెళ్లనని మాటిచ్చాడు. ఇక వెళ్లొచ్చని చెప్పు."