అబ్లూమ్

మూడు రోజులుగా ఆమె చీటీల మధ్యే ఉంది. తండ్రి ముప్ఫయ్యేళ్లపాటు నిఘంటువు కోసం పోగుచేసిన ఇంగ్లీషు మాటలు. చెప్పుల అట్టపెట్టెల నిండా అవే. ప్రతి చీటీకీ ముందువైపు మాట, అర్థం. వెనకవైపు అది దొరికిన పుస్తకం పేరు.

ఒక్క చీటీకే పుస్తకం పేరు లేదు.

అబ్లూమ్. నీళ్లమీద ఎండ పడినప్పుడు పైకప్పుమీద ఆడే వెలుగు. వెనక ఒక తేదీ, అంతే.

గ్రంథాలయంలో ఆ తేదీనాటి పత్రికలన్నీ తిరగేసింది. ముగ్గురు ప్రొఫెసర్ల కాళ్లావేళ్లా పడింది. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. అంత చదువూ ఒక్క మాట దగ్గర బోర్లా పడింది.

ఆ అర్థంతో ఆ మాట రెండే నిఘంటువుల్లో ఉంది. ఒకటి తండ్రిది, ఆయన పోయాక అచ్చయింది. రెండోది ఒక పెద్ద ప్రచురణ సంస్థది, అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. తండ్రి చీటీలు టైపు చేసిన మనిషి తర్వాత ఉద్యోగంలో చేరింది అక్కడే. అయినా కేసు వేసింది వాళ్లే. తమ పుస్తకాన్ని ఆయన కాపీ కొట్టాడట.

"మిగతా మాటలు ఎవరైనా సేకరించొచ్చమ్మా," అన్నాడు లాయరు ఫోన్లో. "ఇదొక్కటే చిక్కు. మీ నాన్నగారికి ఎక్కడ దొరికిందో సాయంత్రంలోగా చూపించకపోతే, కాపీ అనే తేల్చేస్తారు."

ఫోను పెట్టేసి ఆమె బావురుమంది. ఈ చీటీల కోసం ఆయన కళ్లు పోగొట్టుకున్నాడు. పోయాక దొంగ అనిపించుకోవాలా?

తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కేసు సంగతి ఆవిడ చెవిన పడకుండా ఇన్నాళ్లూ దాచారు.

"మూడ్రోజులుగా తిండీతిప్పలూ లేవు. ఏం పోయిందే?"

"ఒక మాట ఎక్కడిదో తెలియాలమ్మా. నీకు తెలిసేది కాదులే."

"ఏ మాట?"

ఆమె విసుగ్గా చదివింది. తల్లి చీటీ లాక్కుని, వెనక్కి తిప్పి, తేదీ చూసింది. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"దీనికి పుస్తకం ఎక్కణ్నుంచి వస్తుందే? తన పుస్తకం ఎవడైనా ఎత్తుకెళితే దొరికిపోవాలని మీ నాన్న ఇందులో కలిపారు గానీ, నీ పదకొండో నెలలో వెల్లకిలా పడుకుని, పైకప్పుకేసి చూస్తూ నువ్వన్న మొదటి మాట ఇది."