అర ట్యాంకు దూరం

స్టెప్నీ తీసేయడానికి మెకానిక్ పోలిరాజు ఒప్పుకోలేదు.

“బరువు తగ్గితే మైలేజీ వస్తాది భయ్యా, నాను కాదన్ను. జరవా తెగోళ్ల రిజర్వు అడవిలో టైరు పేలితే ఏటి సేస్తావు? అక్కడ నిన్ను చూసి ఆగీవోడు ఎవడు?”

మణికుమార్ స్టెప్నీని ఉంచాడు. మిగిలినవన్నీ దించేశాడు. కారు మీది క్యారియర్ విప్పి జంగ్లీఘాట్‌లోని తన ఇంటి మెట్ల పక్కన పెట్టాడు. డిక్కీలోని నీళ్ల డబ్బాలు, పనిముట్ల పెట్టె లోపలికి చేర్చాడు.

అది హైబ్రిడ్ కారు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక నేవీ అధికారి దగ్గర కొన్నాడు. నెమ్మదిగా వెళ్తే బ్యాటరీ మీద నడుస్తుంది. తొందరపెడితే పెట్రోలు తాగుతుంది. ట్యాంకులో ఉన్నది సగమే. సముద్రం బాగోలేక దీవులకు పెట్రోలు ఓడ రాలేదు. పోర్ట్‌బ్లెయిర్ బంకుల ముందు అడ్డంగా తాళ్లు కట్టేశారు. డిగ్లీపూర్ మూడు వందల కిలోమీటర్ల పైమాట. దారిలో రంగత్‌లోనో మాయాబందర్‌లోనో పోయించుకోవచ్చన్న నమ్మకం లేదు.

డిగ్లీపూర్‌లో నూకయ్య ఆ మధ్యాహ్నం చనిపోయాడు. వక్కతోటలో కాపలా ఉండేవాడు. తనకెవరూ లేరని చెప్పుకునేవాడు. మర్నాడు పొద్దుగూకే దాకా చూస్తామని తోట యజమాని గిరిధర్ ఫోన్ చేశాడు. చీకటి పడితే దహనం చెయ్యరు. ఇంకో రోజు ఉంచడానికి అక్కడ ఐసు పెట్టె లేదు. మొహం చూసుకోవాలంటే ఆలోగా చేరాలి.

నూకయ్య ఎవరో మణికుమార్ భార్య పూజకు పెళ్లయిన కొత్తలోనే చెప్పారు. సునామీ నాడు కార్ నికోబార్‌లో అత్తగారు కనకలక్ష్మిని కొబ్బరిచెట్టు ఎక్కించి బతికించిన మనిషి. మామగారు భూషణం ఆరోజే గల్లంతయ్యాడని, శవం దొరకలేదని చెప్పారు. పోయినవాళ్ల కొడుకన్న లెక్కన సర్కారువాళ్లు ఆయన గుమాస్తా ఉద్యోగం మణికుమార్‌కు ఇచ్చారు. గోడ మీది ఫొటోకు రోజూ అగరొత్తి వెలిగించేది పూజే. కనకలక్ష్మి ఏటా ఓడెక్కి డిగ్లీపూర్ వెళ్లి, నూకయ్యకు ఇంత ఆవకాయా రెండు లుంగీలూ ఇచ్చి వచ్చేది. కొడుకును మాత్రం ఎన్నడూ రానివ్వలేదు. సెలవు దండగ అనేది.

పూజ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“ఆయన ఉండగా ఒక్కసారి వెళ్లలేదు. పోయాక పెట్రోలు పొదుపు చేసుకుని మరీ పరుగా?”

మణికుమార్ వెనక సీటు పక్కనున్న జాలీలో దుమ్ము తుడుస్తున్నాడు. బ్యాటరీకి గాలి అందేది అక్కడినుంచే. అది వేడెక్కితే ఇక పెట్రోలే దిక్కని పోలిరాజు చెప్పాడు.

“అమ్మ కోసం,” అన్నాడు తల తిప్పకుండా.

“అయితే నేనూ వస్తాను. అత్తమ్మను కాపాడినాయన మొహం నేనూ చూడాలి కదా.”

లోపలినుంచి కనకలక్ష్మి వచ్చింది.

“ముగ్గురైతే పెట్రోలు చాలదమ్మా.”

“భాభీ బరువెంత పిన్నీ,” అన్నాడు పోలిరాజు, టైర్లలో గాలి చూస్తూ. “గోనెడు బియ్యం లేదు. మైలేజీకేటీ అవదు.”

“నిన్నెవరు అడిగేరు? గాలి చూడు.”

పోలిరాజు గాలి చూశాడు. రోజూ కన్నా కొంచెం ఎక్కువే కొట్టాడు. పూజ లోపలికి వెళ్తూ, ఆ నూకయ్యేదో మామయ్యను కూడా చెట్టెక్కించి ఉంటే బాగుండేది అంది. మణికుమార్ తుడిచిన జాలీనే మళ్లీ తుడిచాడు.

తెల్లవారకముందే తల్లీకొడుకులు బయలుదేరారు. ఫెరార్‌గంజ్ దాటి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర పోలీసు కాపలాతో అడవిలోకి గుంపుగా వదిలే మొదటి కాన్వాయ్ కోసం వరసలో ఆగారు. కనకలక్ష్మి అప్పుడు నోరు విప్పింది.

“అక్కడ ఏడవకు. ఏడిస్తే ఎవడో ఒకడు అడుగుతాడు.”

“మరి నువ్వు?”

“నానెప్పుడో ఏడ్చీసినాను.”

అడవిలో కాన్వాయ్ నెమ్మదిగా సాగింది. కారు చాలాసేపు చప్పుడు లేకుండా బ్యాటరీ మీదే నడిచింది. బారాటాంగ్ దగ్గర కారును పడవ ఎక్కించి దాటించారు. రంగత్ బంకు మూసి ఉంది. మాయాబందర్ బంకులో మనిషే లేడు. మణికుమార్ ఏసీ కట్టేశాడు. పల్లంలో కాలు తీసేసి బండిని దొర్లనిచ్చాడు, బ్యాటరీ నిండుతుందని. మలుపుల్లో బస్సులు హారన్ కొట్టి దాటిపోయినా వేగం పెంచలేదు. పొద్దు పడమటికి దిగేకొద్దీ అతను పెట్రోలు ముల్లు వైపొకసారి, ఆకాశం వైపొకసారి చూశాడు.

వాళ్లు చేరేసరికి పాడె కట్టేసి ఉంది. ఎండ ఇంకా వక్కచెట్ల తలల మీద ఉంది. కనకలక్ష్మి శవం కాళ్ల దగ్గర కూర్చుంది. మణికుమార్ మొహం చూశాడు. ఏడవలేదు. పాడెకు భుజం పట్టాడు.

శ్మశానానికి సగం దారిలో పాడె దించారు. దింపుడు కళ్లం దగ్గర గిరిధర్ అతన్ని ముందుకు పిలిచాడు.

“పలుకుతాడేమోనని దగ్గరోళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఇతనికెవరూ లేరు. నువ్వే పిలు బాబూ.”

“ఏమని?”

“ఏదో వరస. బాబాయనో, మావయ్యనో.”

మణికుమార్ మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గరికి వంగాడు. మోసేవాళ్లు పొద్దు వైపు చూశారు.

“నాన్నా,” అన్నాడు.

రెండోసారి ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. మూడోసారి పిలిచి, నుదురు ఆ చెంపకు ఆనించి ఉండిపోయాడు.

గిరిధర్ అతని భుజం పట్టి లేవదీశాడు. కుర్రాడి తండ్రి సునామీలో పోయాడని, శవం కూడా దక్కలేదని, ఆ బాకీ ఈయన దగ్గర తీర్చుకున్నాడని పక్కవాళ్లకు చెప్పాడు. వాళ్లు తలలూపి పాడె ఎత్తారు.

మణికుమార్ తండ్రి భూషణం పోయింది నిన్న.