పసుపు నూకలు

"ఇది లేవదు వదినె. బోర్డు పోయింది," అన్నాడు అంబదాస్.

వలసొచ్చిన నేతగాళ్ల పేట బమ్రోలిలో సగం షట్టరు దించిన మొబైల్ రిపేరు దుకాణం అది. లాక్‌డౌన్‌కి మగ్గాలు ఆగిన వీధి, నీళ్ల అడుగున ఉన్నట్టుంది.

"గట్లనకు అంబదాసూ. మీ అన్న గొంతు అండ్లనే ఉంది," అంది ఐలమ్మ.

కరోనాతో పోయిన భర్త సోమలింగం ముఖం కూడా ఆమెకు చూపించలేదు. ఆస్పత్రివాళ్లు ఫోను ఒక్కటే చేతిలో పెట్టారు.

మూలనుంచి ఓ చెయ్యి ముందుకొచ్చి దాన్ని అందుకుంది.

జోస్వే. కాంగో నుంచి చదువుకోవడానికొచ్చి, ఇక్కడే చిక్కుకుని, అంబదాస్ దగ్గర పనికి కుదిరాడు.

విప్పేముందు ఫోనుని కళ్లకద్దుకున్నాడు.

"చూసినవా, మనం మగ్గానికి మొక్కినట్టే మొక్కుతడు," నవ్వాడు అంబదాస్.

గంటకి తెర వెలిగింది.

మగ్గం చప్పుడు. దాని మీదుగా సోమలింగం కూనిరాగం.

ఐలమ్మ కళ్లు మూసుకుంది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారి కదిలినట్టయింది.

"పైసలెంత బాబూ?"

"వద్దు," అన్నాడు జోస్వే వచ్చీరాని హిందీలో. పట్టకారు చివర నూకంత పసుపు ముక్క చూపించాడు. "పాడైంది ఇదే. నాకిస్తారా?"

ఆమె చూపు మారింది.

"పైసలొద్దంట, గిది గావాల్నంట. బంగారమా ఏంది?"

"రోజూ ఏరి దాస్తనే ఉన్నడు," గొణిగాడు అంబదాస్.

"మా ఆయన ఫోన్లది ఏదీ ఇయ్య. నాది నాకే గావాలె."

జోస్వే దాన్ని ఇచ్చేశాడు. ఐలమ్మ కొంగున ముడేసుకుంది.

మర్నాటి నుంచి అంబదాస్ అతన్ని పనికి రావద్దన్నాడు.

నెల తర్వాత ఫోను మళ్లీ ఆగింది. ఐలమ్మ పరుగున వచ్చింది.

"ఆ పిలగాడేడి?"

అంబదాస్ తల దించుకున్నాడు. "మొన్న పోయిండు వదినె. అన్న పోయిన దవాఖానల్నే."

పక్కన జోస్వేతో ఒకే గదిలో ఉన్న కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో తెల్లబట్ట మూట. అస్థికల మూటంత.

విప్పాడు. నిండా పసుపు నూకలు.

"తాపీ నదిలో కలపమన్నాడు. ఎలా కలుపుతారో మీవాళ్లని అడుగుదామని వచ్చాను."

"నదిల కలిపేటియా ఇవి? ఎవరివి?"

"వీటిలో వాడే ఖనిజం వాళ్ల ఊరి గనుల్లో దొరుకుతుందట. తుపాకులు పెట్టి తవ్వించేవాళ్లట. ఒకనాడు గని కూలింది. జోస్వే తమ్ముడు అందులోనే ఉండిపోయాడు. శవం దొరకలేదు."

ఐలమ్మ చెయ్యి కొంగుముడి మీదికి పోయింది.

"ఏ ఫోనులో ఉన్నాడోనని వెతుక్కునేవాడమ్మా."